పార్సిల్లో వచ్చిన మరియమ్మ

జూన్ 3, మంగళవారం

ఇవాళ మరియమ్మ పార్సిల్లో వచ్చింది. బొజ్జతో.

మా అమ్మాయి కత్తెర పెట్టి అట్టపెట్టె కోసింది. లోపల ప్లాస్టిక్ సంచి, ఆ సంచిలో ఆమె. మూరెడు బొమ్మ. దూది కూరిన ఒళ్లు, లేత నీలం ముసుగు, కళ్ల చోట రెండు నల్ల చుక్కలు. ముక్కు లేదు. ఎందుకులే దండగ అనుకున్నారు కాబోలు. చేతుల్లో అరచేతిలో ఇమిడేంత బిడ్డ. ఆ బిడ్డని తల్లికి అంటించడానికి, లాగితే చర్రుమని ఊడే గరుకు పట్టీ. దేవుడి కుమారుణ్ణి పిల్లల బూట్ల పట్టీలా తయారుచేశారు.

ముప్ఫై నాలుగేళ్లు ఆదివారం బడిలో సత్యోపదేశం చెప్పాను. ఇరవై ఆరేళ్లుగా మఠం కుట్టుగదిలో ఫాదర్లు, అదే గురువులు, వేసుకునే పూజావస్త్రాలు కుడుతున్నాను. కుట్టు చూస్తే కుట్టినవాళ్లకి ఆ పని మీద ఎంత శ్రద్ధ ఉందో చెప్పగలను. ఇక్కడ శ్రద్ధ మాట దేవుడెరుగు, ముసుగుకి కుట్టే లేదు. జిగురు. నడుం దగ్గర చీటీ మీద, ‘చల్లని నీళ్లలో ఉతకవచ్చు, ఇస్త్రీ చేయరాదు’ అని ఉంది. దేవమాతకి ఇస్త్రీ చేయరాదట.

ఇంకో కాగితం కూడా వచ్చింది. ‘కతోలిక కుటుంబాల్లో చిన్నారుల విశ్వాసాన్ని మెత్తమెత్తగా పెంచండి.’ మెత్తమెత్తగా! ఒళ్లు మండిపోయింది.

మనవరాలికి అయిదేళ్లు. నడవడం చేతకాదు దానికి, గెంతడమే. అందుకే మిడత అంటాం. బొమ్మని చూసి మూడు గెంతులు గెంతి, ఆమె మొహానికి తన మొహం ఆనించి అలాగే ఉండిపోయింది.

“ఎలా ఉందమ్మా?” అని నన్ను ఎవరూ అడగలేదు. మా అమ్మాయి ఫిబ్రవరి నుంచి నన్ను ఏదీ అడగడం లేదు. అప్పుడు రెండు వారాల సాయానికని వచ్చాను. నాలుగు నెలలైంది. మఠం వెనక నా గది తాళం వేసే ఉంది.

జూన్ 5, గురువారం

మరియమ్మ ఇవాళ పాలు తాగిందట. ముసుగు మీద మరక. తుడిచింది నేనే.

జూన్ 8, ఆదివారం

మా అమ్మాయి పూజకి రాలేదు. ఫిబ్రవరి నుంచి ప్రతి ఆదివారమూ దానికి తలనొప్పే. మిడతని నేనే తీసుకెళ్లాను. బొమ్మని ఇంట్లో పెట్టమన్నాను. గుమ్మం దాకా సరేనంది, వీధిలోకి వచ్చాక చూస్తే చంకలో ఉంది.

దివ్యసత్ప్రసాదం అందుకునే వరుసలో నిలబడితే, మిడత ఫాదర్ ముందుకి వెళ్లి ఆ బొమ్మని రెండు చేతులతో పైకెత్తింది. వచ్చి మూడు నెలలు కాని కొత్త ఫాదర్. అంగీ కింద ఆటల బూట్లు కనిపిస్తుంటాయి. వంగి, దీని నుదుట సిలువ వేసి, బొమ్మ నుదుట కూడా వేశాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

పూజ అయ్యాక మెట్ల మీద పట్టుకున్నాడు.

“టీచరమ్మా, మీ మనవరాలు ఆ బొమ్మని ఎంత ప్రేమగా పట్టుకుందో చూశారా? అలాంటిది మన విచారణలో, ఈ గుడికి వచ్చే ప్రతి ఇంట్లో ఉంటే బావుణ్ణు.”

“ప్రతి ఇంట్లో మరియమ్మ స్వరూపాలు ఉన్నాయి కదా ఫాదర్.”

“స్వరూపాలు అలమారు పైన ఉంటాయి. పిల్లలకి అందవు.”

“అందకూడదనే అక్కడ పెట్టారు.”

ఆయన పకపకా నవ్వాడు. నేను నవ్వించడానికి అనలేదు.

జూన్ 12, గురువారం

సాయంత్రం మిడతని కూర్చోబెట్టి మంగళవార్త జపం చెప్పమన్నాను.

“మరియమ్మకి పొద్దున్నే చెప్పేశాను.”

“బొమ్మకి చెప్తే సరిపోదు. మోకరించి, చేతులు జోడించి దేవుడికి చెప్పాలి.”

“మరియమ్మకి మోకాళ్లు లేవు అమ్మమ్మా. నేను మోకరిస్తే ఆమెకి ఏడుపొస్తుంది.”

అయిదేళ్ల పిల్లకి వాదన చూడండి. దీని వయసులో వీళ్లమ్మ జపమాల రహస్యాలన్నీ తడుముకోకుండా అప్పజెప్పేది. విచారణ పండక్కి బిషప్పుగారి ముందు చెప్పించాను. అందరూ మెచ్చుకున్నారు.

తర్వాత సోఫా వెనక దూరి ఆ చిన్న బిడ్డని చర్రుమని ఊడదీసింది. నా చేతిరుమాలు చుట్టింది. ఏదో గొణిగింది. చలేస్తోందా అంది. పడుకో చెల్లీ అంది. చెల్లీ కాదేమో, తల్లీ అని ఉంటుంది. టీవీ మోగుతోంది. సరిగా వినపడలేదు.

జూన్ 13, శుక్రవారం

సరిగా వినపడలేదు.

జూన్ 17, మంగళవారం

మా అమ్మాయి కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. ఇంటికొచ్చాక కూడా చేతిలో ఏదో ఒకటి తుడుస్తూనే ఉంటుంది. ఇవాళ అలా తుడుచుకుంటుంటే అన్నాను.

“ఆ బొమ్మ చేతిలో ఉన్నది యేసుబాలుడని పిల్లకి కాస్త చెప్పు. నోటికొచ్చిన పేరు పెట్టి పిలుస్తోంది.”

తుడవడం ఆగింది. “ఏ పేరు?”

“ఏదో ఒకటి.”

“ఏ పేరమ్మా? నోరు తెరిచి అను.”

నేను అనలేదు. సరిగా వినపడలేదు కనక ఎలా అంటాను?

“దాని జోలికి రాకు. ఆ బొమ్మ జోలికీ రాకు, నా పిల్ల జోలికీ రాకు. నీ పాఠాలు నేను విన్నది చాలు.”

“నేను పాఠాలు చెప్పకపోతే నువ్వు ఇలా...”

“ఎలా?”

అప్పుడు అల్లుడొచ్చాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. మధ్య అంతస్తులో ఇరుక్కుపోయినవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ అందరితోనూ అలాగే మాట్లాడడం అలవాటైపోయింది. “ఏం లేదు అత్తయ్యగారూ, ఏం కాదు, పిల్ల ఆట. ఒక్క నిమిషం. అంతా సర్దుకుంటుంది.” అతను పెళ్లి కోసం జ్ఞానస్నానం పుచ్చుకున్న మనిషి. మంచివాడే. కానీ అతనికి ఏది ఆటో ఏది కాదో తెలియదు.

జూన్ 20, శుక్రవారం

తీశాను.

దొంగతనం కాదు. పరిశుద్ధమైనదాన్ని పాలమరకల నుంచి, సోఫా కింద దుమ్ము నుంచి తప్పించడం దొంగతనం ఎలా అవుతుంది? మిడత బడికి వెళ్లాక దిండు పక్క నుంచి తీసి, నా కుట్టుసంచిలో పెట్టుకుని మఠానికి వెళ్లాను. కుట్టుగది బీరువాలో కింది అరలో, ఊదారంగు బట్ట చుట్టల వెనక పెట్టాను. ఇంటి కన్నా అక్కడే శుభ్రంగా ఉంటుంది.

రేపో ఎల్లుండో మర్చిపోతుంది. పిల్లలు మర్చిపోతారు.

జూన్ 21, శనివారం

మర్చిపోలేదు.

“అమ్మమ్మా, మరియమ్మ కనిపించిందా?” అంది. “నేను చూడలేదు” అన్నాను. అప్పుడు నేను బీరువాని చూడడం లేదు కదా. అబద్ధం కాదు.

జూన్ 24, మంగళవారం

అల్లుడు మంచాలు జరిపాడు, ఉతికే బట్టల బుట్ట బోర్లించాడు. నిన్న పొద్దున లిఫ్టు ఆపించి, టార్చి పట్టుకుని, కింద గోతిలోకి కూడా దిగాడు. రెండు చాక్లెట్ కాగితాలు, ఒక చెవిపోగు దొరికాయి. ఆ చెవిపోగు పట్టుకుని అన్ని అంతస్తుల తలుపులూ తట్టి ఎవరిదో కనుక్కుని మరీ ఇచ్చి వచ్చాడు. ఇలాంటి మనిషి మీద కోపం కూడా సరిగా రాదు.

మా అమ్మాయి ఏమీ వెతకలేదు. నన్నే చూస్తోంది.

మిడత గెంతడం మానేసింది. ఇవాళ మామూలు పిల్లలా నడుచుకుంటూ వచ్చి నా మోకాలి దగ్గర నిలబడింది.

“అమ్మమ్మా, మరియమ్మ పోతే పోయింది. ఆమె పెద్దది కదా, దారి తెలుస్తుంది. చెల్లి ఆమె చేతిలోనే ఉందా, ఎక్కడైనా ఊడిపోయిందా? ఒక్కతే ఉంటే ఎలా?”

టీవీ ఆపేసి ఉంది. ఈసారి వినపడింది.

జూన్ 25, బుధవారం

బొమ్మని ఇంటికి తెచ్చి సోఫా వెనక పడేద్దామని అనుకున్నాను. దొరికిందంటే సరిపోతుంది. కొత్తగా గురువులు కాబోయేవాళ్లకి పది తెల్ల వస్త్రాలు కుట్టాల్సి ఉంది, పని తెమల్లేదు. రేపు తెస్తాను.

జూన్ 26, గురువారం

ఇది రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

మధ్యాహ్నం ఫాదర్ కుట్టుగదికి వచ్చాడు. గదిలో నేనూ, గుండీలావిడా ఉన్నాం. ఆవిడ పదకొండేళ్లుగా గుండీలు, కొక్కేలు కుడుతోంది. చెవులు మందం, కళ్లు మాత్రం మా అందరికన్నా చురుకు. నేను బొమ్మని తీసుకెళ్లడానికని అప్పుడే బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టాను. సంచి తెరిచేలోగా ఆయన గుమ్మంలో ఉన్నాడు.

“టీచరమ్మా, మీతో ఒక పని పడింది. చిన్నపిల్లలున్న ఇళ్లకి అరవై మెత్తని మరియమ్మ బొమ్మలు కుట్టించాలని...” అంటూనే బల్ల వైపు చూశాడు. మొహం వెలిగిపోయింది. “అబ్బ! నేను అడక్కముందే నమూనా కుట్టేశారా?”

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. ‘ఇది మా మనవరాలిది ఫాదర్.’ ఆ మాట వెనక ‘ఇక్కడికెలా వచ్చింది’ అన్న మాట నిలబడి ఉంది.

“ఆ... ఏదో...” అన్నాను.

“ఆ రోజు మెట్ల మీద అంతలా కాదన్నారు! మనసులో మాత్రం పెట్టుకున్నారన్నమాట. అచ్చం మీ మనవరాలి బొమ్మలాగే కుట్టారు. ఈ పట్టీతో సహా!” బిడ్డని చర్రుమని ఊడదీసి మళ్లీ అంటించాడు. “ఆదివారం అందరికీ చూపిస్తాను.”

చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆటల బూట్లు కిర్రుకిర్రుమన్నాయి.

గుండీలావిడ తల ఎత్తకుండా దారం కొరికింది. “అక్కా, మీరు కుడితే ముసుగుకి జిగురు పెట్టరు కదా” అంది.

జూన్ 27, శుక్రవారం

ఫాదర్‌కి ఫోన్ చేసి నిజం చెబుదామనుకున్నాను. లైన్ కలవలేదు. చేయలేదు కనక కలవలేదు.

జూన్ 29, ఆదివారం

పొద్దున మిడత నుదురు ముట్టుకుని “కాస్త వేడిగా ఉంది, ఇవాళ పూజకి వద్దులే” అన్నాను. మా అమ్మాయి తానూ ముట్టుకుని చూసింది. “వేడేం లేదు. గుళ్లో పెద్ద మరియమ్మని అడిగితే బొమ్మ ఎక్కడుందో చెబుతుందంటోంది. నేను తీసుకెళ్తున్నాను” అంది.

నాలుగు నెలల తర్వాత, ఈ ఆదివారమే దానికి తలనొప్పి లేదు.

నలుగురం మూడో బల్లలో కూర్చున్నాం. పూజ అంతా ఒక్క ముక్క నా చెవిన పడలేదు. చివరి ప్రకటనలప్పుడు ఫాదర్ పీఠం వెనక నుంచి బొమ్మని తీసి పైకెత్తి పట్టుకున్నాడు.

“మన టీచరమ్మ తన చేతులతో కుట్టిన బొమ్మ ఇది. చిన్నపిల్లల విశ్వాసం చేతులతో పట్టుకునేది. అరవై ఇళ్లకి...”

“అది నాది!”

మిడత బల్ల ఎక్కేసింది. “అది నా మరియమ్మ! చెల్లి కూడా ఉంది! నాన్నా, చెల్లి దొరికింది!”

వాళ్ల నాన్న పట్టుకునేలోపు దిగి, మధ్యదారిలో గెంతుకుంటూ పోయింది. పది రోజుల తర్వాత మొదటిసారి గెంతింది. ఫాదర్ నవ్వుతూ వంగాడు. “ఇది నీది కాదు బంగారం, మీ అమ్మమ్మ కొత్తగా...”

“నాదే! ఇదిగో, పాలు పడింది ఇక్కడ. అమ్మమ్మే తుడిచింది.”

నేను తుడిచిన మరక ఇంకా ఉంది. ఫాదర్ ఆ మరక చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆయన మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా ఆరిపోవడం గుడి మొత్తం చూసింది. మైకు తన నోటి దగ్గరే ఉందని మరిచిపోయి, “ఓహో” అన్నాడు. నాలుగు స్పీకర్లలోంచీ ఓహో అని వినపడింది.

నేను సత్యోపదేశం చెప్పిన పిల్లలు, వాళ్ల పిల్లలు, అందరూ తలలు తిప్పారు. మా అమ్మాయి ఒక్కతే తిప్పలేదు. పీఠం వైపే చూస్తూ, నాకు మాత్రమే వినపడేలా అంది: “నాకు మొదటి రోజే తెలుసు. నీ నోటితో నువ్వు చెప్తావేమోనని చూశాను.”

ఇంటికొచ్చాక అల్లుడు మిడతని మేడ మీదకి తీసుకెళ్లాడు. వంటింట్లో మేమిద్దరమే మిగిలాం.

“ఎందుకు తీశావు?”

“అది దేవమాతకి అపచారం. ఆ బిడ్డ యేసుబాలుడు. దాన్ని పట్టుకుని...”

“చెల్లి అంటోంది. అవును. ఆ మాట నేనే నేర్పాను.” గొంతు పెంచలేదు. పెంచితే బావుండేది. “చెల్లి ఎక్కడుందమ్మా అని రోజూ అడిగేది. ఏం చెప్పను? నా దగ్గర ఉన్నది నువ్వు చెప్పిన జవాబొక్కటే. అది అయిదేళ్ల పిల్లకి చెప్పమంటావా? షాపులో ఒకావిడ ఫోన్లో ఈ బొమ్మ చూపించింది. మరియమ్మ, చేతిలో బిడ్డ. ఇదిగో, ఇలా ఎత్తుకుంది, ఒక్కతే లేదు అని చెప్పాను. ఆ రోజు నుంచి అది అడగలేదు. నేనూ ఆ రోజు నుంచే కాస్త కన్ను మూస్తున్నాను.”

నేను ఏదో అనబోయాను.

“నువ్వు దాన్ని రెండోసారి బయట పెట్టావమ్మా” అంది.

జూలై 1, మంగళవారం

రాయకుండా ఎంతకాలం దాటేస్తాను?

ఫిబ్రవరి పదకొండు. ఏడో నెలలోనే మా అమ్మాయికి నొప్పులొచ్చాయి. బిడ్డ బతికి పుట్టింది. నలభై నిమిషాలు ఉంది. నేను వెళ్లేసరికి తెల్లగుడ్డలో చుట్టి ఉంది. అల్లుడు దాన్ని పట్టుకుని గోడవారగా నిలబడి ఉన్నాడు, ఎవరైనా తీసుకుపోతారేమో అన్నట్టు.

రెండు రోజులకి మా అమ్మాయి అడిగింది. “అమ్మా, అది ఎక్కడుంది?”

ముప్ఫై నాలుగేళ్లు పిల్లలకి ఏం చెప్పానో అదే చెప్పాను. జ్ఞానస్నానం లేని బిడ్డ మోక్షంలోకి వెళ్లదు, బాధ లేని చోట ఉంటుంది కానీ దేవుణ్ణి చూడదు. పాఠం చెప్పినట్టే చెప్పాను. చేతిలో పుస్తకం లేదంతే. అది కళ్లు మూసుకుని గోడ వైపు తిరిగింది.

ఇంత మాత్రమే అయితే ఆదివారమే రాసి ఉండేదాన్ని.

జూలై 2, బుధవారం

గురువు చెవిలో చేసిన తప్పులు చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లాను. ఈ ఫాదర్ దగ్గర కాదనుకున్నాను, ఇంకెవరూ లేరు. ఎంత చిన్నవాడు! జాలీ అవతల ఆయన బూట్లు కనిపిస్తున్నాయి.

బొమ్మ సంగతి చెప్పాను, రెండు అబద్ధాలూ చెప్పాను. మా అమ్మాయికి చెప్పిన జవాబు పాపం కింద చెప్పలేదు, ఉపదేశం కింద చెప్పాను.

“టీచరమ్మా, ఆ చోటు సంగతి పాత పుస్తకాల్లో ఉంది. అది నమ్మి తీరాలని మన కతోలిక తిరుసభ ఎప్పుడూ అనలేదు. అలాంటి బిడ్డల్ని దేవుడి కనికరానికి అప్పగిస్తుంది, అంతే. మీకు ఎవరూ చెప్పలేదా?”

చెప్పారు. ఎందుకు చెప్పలేదు? పదిహేనేళ్ల కిందట పాత ఫాదర్ ఒక సమావేశంలో చెప్పాడు. రాసుకున్నాను కూడా.

“తెలిసీ మీ అమ్మాయికి అలా ఎందుకు చెప్పారు?”

నాకు చిర్రెత్తుకొచ్చింది. లేచి వచ్చేద్దామనుకున్నాను. మోకాలు పట్టేసి లేవలేకపోయాను. లేవలేకపోయాను కాబట్టి చెప్పేశాను.

ఆ రోజు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. బిడ్డకి ఊపిరి అందడం లేదు, మీ అమ్మాయి మిమ్మల్ని పిలవమంటోంది, మా అమ్మకి ఏం చేయాలో తెలుసు అంటోంది అని. తెలుసు. ప్రాణం పోయేవేళ గురువు లేకపోతే ఎవరైనా సరే, గుక్కెడు నీళ్లు పోసి నాలుగు మాటలు అంటే జ్ఞానస్నానమే. మా అమ్మాయికి పదేళ్లప్పుడు నేనే నేర్పాను. ఫోన్లో నర్సుకి చెప్పినా అయ్యేది. చెప్పలేదు. నేను వెళ్లి నా చేత్తో చేద్దామనుకున్నాను. కానీ బిషప్పుగారి వస్త్రం మిషను మీద ఉంది, సాయంత్రానికి కావాలి. అంచు కొంచెమే మిగిలింది. అది పూర్తిచేసి లేచాను.

బస్సు దొరకలేదని చెప్పాను అందరికీ.

బిడ్డ మోక్షంలో ఉందని అంటే, నీళ్లు లేకపోయినా ఫరవాలేదన్నట్టు. అప్పుడు నేను ఆలస్యమైనా ఫరవాలేదన్నట్టు. నన్ను నేను అంత సులువుగా వదిలేయడానికి మనసు రాలేదు. బిడ్డని కూడా నాతోపాటు బయటే నిలబెట్టాను.

“ఇది నాకు చెప్పడంతో అయిపోదు. మీ అమ్మాయికి చెప్పాలి” అన్నాడు.

ఆ మాత్రం నాకు తెలియదా? ఈ కుర్రవాడు చెప్పాలా?

జూలై 4, శుక్రవారం

భోజనాల వేళ కళ్లజోళ్ల షాపుకి వెళ్లాను. ఇంట్లో అయితే మిడత ఉంటుంది. వెనక గదిలో మా అమ్మాయి తెల్లకోటు వేసుకుని, మిషనుకి అద్దం ఆనించి అరగదీస్తోంది. నీళ్లు చిమ్ముతున్నాయి. నన్ను చూసి ఆపలేదు. ఆ చప్పుడులోనే చెప్పాను. సగంలో ఆపేసింది మిషను. మిగతా సగం నిశ్శబ్దంలో చెప్పాల్సి వచ్చింది.

అద్దం వెలుతురులోకి ఎత్తి చూసి, పక్కన పెట్టింది.

“ఎంత అంచు?”

“ఏంటి?”

“మిగిలిన అంచు. ఎంత?”

“రెండు జానలు” అన్నాను.

చెయ్యి చాపి బల్ల మీద కొలిచింది. ఒక జాన. దాని పక్కన ఇంకో జాన.

“నర్సు కిటికీ దగ్గర నిలబడి, వచ్చిందా వచ్చిందా అని చూస్తూనే ఉంది” అంది. “మా ఆయన ఎవరినైనా పిలవనా అన్నారు. వద్దు, అమ్మ వస్తుంది అన్నాను. నేనే అన్నాను. బిడ్డ నీళ్లు పడకుండా పోయింది నా మొండితనం వల్లేమో, ఎవరినో ఒకరిని పిలవాల్సిందేమో అని ఇన్నాళ్లు నన్ను నేను తిట్టుకుంటూ చచ్చాను.”

“తప్పు నాది.”

“అవును, నీదే.” కోటు జేబులోంచి ఇంటి తాళంచెవి తీసింది, మళ్లీ లోపల పెట్టుకుంది. “నీ బట్టలు ఆయన తెచ్చి ఇస్తారు. నువ్వు ఇంటికి రాకు అమ్మా. నేను పిలిచేదాకా రాకు. పిలవకపోతే రాకు.”

బయటికి వచ్చాను. వెనక మిషను మళ్లీ మోగింది.

జూలై 6, ఆదివారం

నా గది. అయిదు నెలల దుమ్ము. అల్లుడు పెట్టె, దిండు తెచ్చాడు. “ఏం కాదు అత్తయ్యగారూ” అనబోయి ఆగాడు. మొదటిసారి ఆ మాట అతని నోట్లోంచి రాలేదు. నీళ్ల బిందె నింపి, ఊగుతున్న కిటికీ రెక్కకి మేకు కొట్టి వెళ్లాడు.

బిడ్డని నలభై నిమిషాలూ పట్టుకుని ఉన్నది అతను. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బావుండేది.

జూలై 9, బుధవారం

ఫాదర్ అరవై బొమ్మలు కుట్టిస్తున్నాడు. సారథ్యం గుండీలావిడకి ఇచ్చాడు. నన్ను బట్ట కత్తిరించమన్నారు. ముప్ఫై నాలుగేళ్ల టీచరుకి కత్తెర ఇచ్చారు. ఇవ్వాల్సిందే.

పిల్లల బొమ్మలతో విశ్వాసం పెరుగుతుందని నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఫాదర్‌తో మొహం మీదే అన్నాను. “దేనితో పెరుగుతుంది మరి?” అన్నాడు. కత్తిరించాల్సిన బట్ట చాలా ఉందన్నాను.

జూలై 10, గురువారం

ముసుగులకి జిగురు పెట్టబోతే గుండీలావిడతో పోట్లాడాను. అరవై ముసుగులూ నేనే కుడతాను.

జూలై 17, గురువారం

అల్లుడు మఠం గేటు దగ్గరికి వచ్చాడు. పనిబట్టల్లోనే ఉన్నాడు. చెప్పమన్నది చెప్పినట్టే చెప్పాలని కాబోలు, నేల చూస్తూ అప్పజెప్పాడు.

“ఆదివారం పది గంటలకి పాప దగ్గరికి వెళ్తున్నాం. మీరు వస్తే రావచ్చంది. ఒక్క మాట కూడా మాట్లాడకూడదంది. జపం కూడా పైకి చెప్పకూడదంది.”

“సరే” అన్నాను.

“వస్తారా?”

నేను ఇంతవరకు ఒక్కసారి కూడా అక్కడికి వెళ్లలేదు. జ్ఞానస్నానం లేదు కదా అనుకునేదాన్ని. అలా అనుకుంటే వెళ్లక్కర్లేదు.

“వస్తాను బాబూ.”

జూలై 20, ఆదివారం

తొమ్మిదింటికే బయల్దేరాను. ఈసారి నిజంగానే బస్సు రాలేదు. ఇరవై నిమిషాలు నిలబడి, ఇక రాదని తేలాక నడిచాను. సమాధుల తోట గేటు చేరేసరికి పదీ పావు దాటింది. ముగ్గురూ గేటు దగ్గరే ఉన్నారు. లోపలికి వెళ్లలేదు. మా అమ్మాయి నా మొహంలోకి చూసింది. బస్సు సంగతి చెప్పలేదు. మాట్లాడవద్దన్నారు. చెప్పినా ఎవరు నమ్ముతారు?

మిడత చంకలో బొమ్మ ఉంది. నన్ను చూసి నవ్వాలా వద్దా అని వాళ్లమ్మ వైపు చూసింది.

చిన్నపిల్లల సమాధులు గోడ వారగా ఉన్నాయి. మాది చివరి నుంచి రెండోది. చుట్టూ ఇటుకలు, తలవైపు చిన్న సిలువ. సిలువ ఉంది. ఎవరు పెట్టారో! అల్లుడే అయ్యుంటాడు, లిఫ్టు ఇనుప పట్టీలతో చేసినట్టుంది, మూలలు నున్నగా ఆకురాయి పట్టించి ఉన్నాయి. రెండు జానల ఎత్తు కూడా లేదు.

మా అమ్మాయి ఒక పక్క నిలబడింది. నేను ఎక్కడ నిలబడాలో తెలియక వెనకే ఆగిపోయాను. ముప్ఫై నాలుగేళ్లు పిల్లలకి నేర్పిన జపాల్లో ఒక్కటీ నాలుక మీదకి రాలేదు. పైకి చెప్పొద్దని ఎవరూ అనక్కర్లేకపోయింది.

మిడత వెనక్కి వచ్చి నా వేలు పట్టుకుని ముందుకి లాక్కెళ్లింది. మా అమ్మాయి వద్దనలేదు. జరగనూ లేదు. దాని పక్కన ఉన్న కాస్త ఖాళీలో నిలబడ్డాను. భుజాలు తగులుతున్నాయి.

మిడత ఇటుకల దగ్గర చతికిలబడి, గొంతు తగ్గించి, ఇంటికి వచ్చిన చుట్టాన్ని పరిచయం చేసినట్టు చెప్పింది.

“చెల్లీ, ఇది అమ్మమ్మ. లేటుగా వచ్చింది.”

మాట్లాడవద్దన్నారు కనక, అవునని తల ఊపాను. మా అమ్మాయి చూసింది.